కుడికన్ను దిద్దిన అక్షరాలు

షెల్ఫు వంకరగా ఉందని అమ్మ, లేదని నాన్న. నేను కాఫీపొడి అడుగుదామని పై అంతస్తు నుంచి దిగేసరికి గొడవ సగం దాటిపోయింది. నాన్న స్టూలు మీద రసమట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి చూస్తోంది. వవో బల్ల దగ్గర కూర్చుని సూప్‌లోకి కేల్ ఆకుల ఈనెలు తీస్తోంది. మా నాయనమ్మ ఫిలొమేనాని మేమంతా వవో అనే అంటాం.

షెల్ఫు వవో కోసమే. పోర్చుగీసు దీవుల నుంచి ఓడెక్కినప్పుడు ఆమె బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న క్రీస్తు పటం దానిమీద పెట్టాలి. ఇప్పటికే నాన్న షెల్ఫుని ఒకసారి విప్పి మళ్ళీ కొట్టాడు. పాత చిల్లుల్లో పుట్టీ పెట్టి రంగు వేసినా గోడ మచ్చలు పడినట్టే ఉంది.

"బుడగ నడిమధ్యలో ఉంది ఇల్దా. దగ్గరికొచ్చి చూడు," అన్నాడు నాన్న.

"నీ బుడగతో నాకేం పని? చెక్క మధ్యలో కుంగింది. కనబడట్లా?"

"ఈ ఊళ్ళో సగం వంటిళ్ళు ఈ బుడగని నమ్ముకునే కట్టాను."

"అందుకే అవి అలా ఏడిశాయి."

వవో కిసుక్కున నవ్వింది. స్వామి ఎటు ఒరిగినా తన మొర వింటాడనీ, ముందు ఆయన్ని ఆ కుర్చీ మీద నుంచి లేపమనీ అంది. వారం రోజులుగా పటం కుర్చీలో ఉంది, కూర్చోవలసిన వాళ్ళు నిలబడి తింటున్నారు. నాన్న మాత్రం స్టూలు దిగలేదు. దిగితే ఓడినట్టవుతుందని కాబోలు.

నిజానికి చూపు విషయంలో అమ్మతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ పని అక్షరాలు గీయడం. పుస్తకాల అట్టల మీదా పత్రికల్లోనూ కనిపించే అచ్చక్షరాలకి ముందుగా ఎవరో ఒకరు ఒక్కొక్కదానికీ రూపం ఇవ్వాలి కదా, ఆ పని. అందులో కొలతకంటే కన్నే పెద్ద. గుండ్రటి ఓ అక్షరాన్ని పక్కనున్న హెచ్ అంత ఎత్తే గీస్తే ఓ చిన్నబోయినట్టు కనిపిస్తుంది. వెంట్రుకవాసి పెద్దగా గీస్తేనే రెండూ సమానంగా ఉన్నాయనిపిస్తుంది. ఎంత పెద్దగా అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. కంటికి సరిపోయే దాకా దిద్దుతూ పోవడమే. కొలబద్ద అబద్ధం చెబుతుందనే మాట నేను పాలసీసాతో పాటే విన్నాను.

బోస్టన్‌లో ఒక అక్షరాల కంపెనీలో అమ్మ ముప్ఫై ఏళ్ళు గీసింది. ఆమె గీసిన వాటన్నిటికీ యజమాని పేరే ఉండేది. కంపెనీని ఎవరో కొనేశాక కేకు కోసి ఇంటికి పంపారు. కొన్నాళ్ళు ఊరికే కూర్చుంది. తరవాత వీధిగదిలో కంప్యూటరు పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే తన సొంత ఫాంట్ మొదలుపెట్టింది. బలమైన అక్షరాలు. నిలువు గీతలు వరండా స్తంభాల్లా లావు. వాటిని కలిపే గీతలూ, పాదాల కింద పట్టీలూ కుట్టుదారమంత సన్నం. వీధి అవతల నుంచి కూడా పేరు పెట్టి పిలిచినట్టుండే అక్షరం. దానికి ఫుర్తాదో అని తన పుట్టింటి పేరు పెట్టుకుంది. ఇన్నేళ్ళూ నా ఇంటిపేరు మోసి, తీరా పేరు పెట్టే రోజొచ్చేసరికి పుట్టింటికి చెక్కేసిందని నాన్న చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు.

బోస్టన్‌లోనే ఒక ప్రచురణకర్త తన చరిత్ర పుస్తకాల వరసకి ఆ ఫాంట్ కావాలన్నాడు. సెప్టెంబరుకి ఇవ్వాలి. పుస్తకం చివరి పేజీలో, అక్షరాలు గీసినవారు ఇల్దా ఫుర్తాదో అని పడుతుంది. అమ్మకి అరవై దాటాయి. తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు.

షెల్ఫు గొడవ తెగేలా లేదు. నాకు ఆఫీసుకి టైమైపోతోంది. ఊరికే అన్నాను, "నీ అద్దంలోంచి చూసినట్టు ఒక కన్ను మూసుకుని చూడమ్మా. అప్పుడు తేలిపోతుంది."

అమ్మ దగ్గర ఒక అద్దం ఉంది. భూతద్దానికి సరిగ్గా వ్యతిరేకం, దేన్నయినా చిన్నది చేసి చూపిస్తుంది. పెద్దగా గీసిన అక్షరం పుస్తకంలో ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి. దాన్ని ఎప్పుడూ కుడికంటికే పెట్టుకుంటుంది.

అలవాటుగా ఎడమకన్ను మూసింది. "ఇంకా కుంగింది," అంది. తరవాత కుడికన్ను మూసింది. మళ్ళీ ఎడమది మూసింది. మళ్ళీ కుడిది.

"కదిలించావా?" అంది నాన్నతో.

"చెయ్యే వెయ్యలేదు."

అమ్మ గుమ్మం వదిలి వీధిగదిలోకి వెళ్ళింది. వాదన మధ్యలో ఆమె వెళ్ళిపోవడం మేమెప్పుడూ చూడలేదు. నాన్న స్టూలు మీదే ఉండిపోయాడు. నేను వెనకాలే వెళ్ళాను.

గోడ నిండా అచ్చుతీసిన కాగితాలు గుచ్చి ఉన్నాయి. అమ్మ అద్దం తీసి ఎడమకంటికి పెట్టుకుంది. చొక్కా బొత్తాం తప్పు కాజాలో పెట్టుకుంటున్న మనిషిలా ఉంది. చిన్నబడి అక్షరాల, అంటే స్మాల్ లెటర్ల, కాగితం ముందు చాలాసేపు నిలబడింది. పిన్నులు పీకి, కాగితాన్ని తలకిందులు చేసి మళ్ళీ గుచ్చింది. అలా చేస్తే చదవడం మాని ఆకారాన్ని చూడగలుగుతాం అంటుంది. చూసి, కుర్చీలో కూర్చుంది.

"దుల్సే, నోరీన్‌కి ఫోన్ చెయ్యి. ఈ అక్షరాలు మార్చి నెలలో ఎలా ఉన్నాయో అలా అచ్చు తీసి తెమ్మను."

నోరీన్ తీబో పక్క ఊళ్ళోనే ఉంటుంది. అమ్మ గీసిన గీతల్ని కంప్యూటర్లలో పనిచేసే ఫాంటుగా మార్చేది ఆవిడే. బోస్టన్ కంపెనీ నుంచీ కలిసి పనిచేస్తున్నారు. అమ్మకంటే పదేళ్ళు చిన్న. మర్నాడు సాయంత్రం కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చింది. భోజనాల బల్ల ఖాళీ చేసి పాతవీ కొత్తవీ పక్కపక్కన పరిచాం.

పెద్దబడి అక్షరాలు, అంటే క్యాపిటల్స్, మార్చికి ముందే అయిపోయాయి, వాటిని అమ్మ తరవాత ముట్టుకోలేదు. అవి నిటారుగా ఉన్నాయి. చిన్నబడి అక్షరాల్ని మాత్రం రోజూ దిద్దుతూనే ఉంది. పక్కన పెట్టి చూస్తే నాకు కూడా తెలిసింది. ఎన్, ఎమ్, ఓ అన్నీ నడుము దగ్గర ఎడమకి ఒరిగాయి, ఎదురుగాలికి నడుస్తున్న మనుషుల్లా. అమ్మకి నిటారు గీత వంగి కనిపించింది. కన్ను తప్పు చెప్పదు కదా, గీతనే తప్పనుకుని దాన్ని రెండో వైపుకి వంచింది. తన కంటికి సరిపోయే దాకా వంచింది. వసంతమంతా అదే పని.

"నువ్వు చూశావా?" అని అడిగింది అమ్మ.

నోరీన్ కాగితాల అంచులు సర్దుతూ కూర్చుంది. "చూశాను. ఏప్రిల్లోనే."

"మరి?"

"కావాలనే చేస్తున్నావనుకున్నాను. నీ కన్ను ఎందుకిలా అందని నేనెప్పుడైనా అడిగానా? కొత్తగా ఏదో ప్రయత్నిస్తున్నావనుకున్నాను. బాగుందని కూడా అనుకున్నాను ఇల్దా."

బాగుందనుకున్నది నోరీన్ ఒక్కతే కాదు. ప్రచురణకర్త మే నెలలో నమూనాలు చూసి ఫోన్ చేశాడట. అక్షరాలు ఊపిరి తీసుకుంటున్నట్టున్నాయనీ, ఇలాంటి కదలిక ఎక్కడా చూడలేదనీ అన్నాడట. అమ్మ ఆ రాత్రి మా అందరికీ ఐస్‌క్రీమ్ తెప్పించింది. అదెందుకో ఆ రోజు మాకు చెప్పలేదు.

కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కంటి వెనక పొరలో రక్తనాళాలు కారుతున్నాయి, సూదిమందుతో ఆపగలిగినంత ఆపుతాం, వంగిన చూపు తిన్నగా అవుతుందని మాట ఇవ్వలేం, రెండో కంటిని కూడా కనిపెట్టి ఉండాలి అన్నారు. సూది కంట్లోకే అని తెలిశాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది, కాని చాలా మర్యాదగా, బస్సులో పక్క సీటు మనిషిని పట్టుకున్నట్టు. తిరిగొస్తుంటే దారిలో ఆపి కాఫీపాలు కొనిచ్చాను. నల్లకళ్ళద్దాలతో కారులో కూర్చుని స్ట్రాతో తాగుతూ, దుకాణం బోర్డు వైపు చూసి, ఆ అక్షరాల మధ్య ఎడం బాగాలేదంది. అది ఆ కన్ను అన్న మాటో ఈ కన్ను అన్న మాటో నేనడగలేదు.

తరవాతి రోజులన్నీ ఒకలాగే గడిచాయి. నేను పనిచేసే ఆసుపత్రి బిల్లుల ఆఫీసు నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అమ్మ పక్కన కూర్చునేదాన్ని. అమ్మ ఎడమకంటితో గీయాలని చూసేది. పక్కింటి వాళ్ళ కత్తితో కూర తరుగుతున్నట్టుంది అనేది. కాసేపటికి నన్ను అడిగేది, ఈ రెండిట్లో ఏది బరువుగా ఉంది, ఏ అక్షరం పొట్ట ముందుకొచ్చింది అని. నాకు రెండూ ఒక్కలాగే ఉండేవి. మొదట్లో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఒకసారి నేను అన్నది పట్టుకుని గంటసేపు దిద్ది, చివరికి అంతా చెరిపేసింది. అప్పటి నుంచి తెలియట్లేదనే చెప్పాను. అమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించేది.

నాన్న తనకి తోచింది తను చెప్పాడు. భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. కొనేవాడికి నచ్చింది, వాడు పొగిడాడు కూడా, మరి పేచీ ఏమిటన్నాడు. ఊపిరి తీసుకుంటున్నాయన్నాడుగా, తీసుకోనీ.

"అది నేను చేసిన సొగసు కాదు గిల్. నా కంటి జబ్బు," అంది అమ్మ.

"ఎవడికి తెలుస్తుంది?"

"రేపు ఎవరో ఒక పిల్ల దాన్ని చూసి నేర్చుకుంటుంది. ఇలా ఒరిగించాలి కాబోలనుకుంటుంది. నేను అట్లాగే నేర్చుకున్నాను, పాతవాళ్ళవి చూసి."

నాన్న బ్రెడ్డు ముక్క విరిచి సూప్‌లో ముంచాడు, తినలేదు. ఆయన ఇల్లు గడిచే లెక్కలో చెప్పడం లేదని మా అందరికీ తెలుసు. పొద్దున లేచేసరికి అమ్మ వీధిగదిలో లైటు వేసుకుని, ఒక కన్ను చేత్తో మూసుకుని కూర్చుని ఉండటం ఆయన చూడలేకపోతున్నాడు.

నోరీన్ ఇంకో దారి చెప్పింది. ఒక శనివారం గిన్నెలు తుడుస్తూ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, నన్ను వెళ్ళమనలేదు.

"మార్చి నాటివి నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సగం పైన అయిపోయినవే. వాటిని పట్టుకుని మిగతావి నేను గీసేస్తాను. నీ చెయ్యి నాకు తెలుసు. సెప్టెంబరుకి అందుతుంది."

"నువ్వు గీస్తే నీవవుతాయి కదా."

"పేరు నీదే ఉండనీ. నేను ఎవరికీ చెప్పను. దుల్సే చెప్పదు. ఇన్నేళ్ళకి నీ పేరు పడుతుంటే నేను అడ్డమొస్తానా?"

అమ్మ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

నోరీన్ మనసులో మంచే ఉంది. కాని ఆ మాట అమ్మకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో అమ్మ గీసిన ఫాంటుకి ఒకసారి పెద్ద బహుమతి వచ్చింది. బోస్టన్ హోటల్లో సభ. మేమంతా ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని చివరి వరసలో కూర్చున్నాం. యజమాని వేదికెక్కి బహుమతి తీసుకుని, తన చేతుల్లాంటి సహాయకులందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. చప్పట్లు ఆగాక వవో పోర్చుగీసులో, గుసగుస అనుకుని గట్టిగానే, మరి నీ పేరు ఎప్పుడు పిలుస్తారే అని అడిగింది. అమ్మ అత్తగారి శాలువా సర్ది, అయిపోయిందత్తయ్యా, వెళ్దాం పదండి అంది. దారిపొడుగునా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక అమ్మ మర్నాటికి నా లంచ్ డబ్బా కడిగిపెట్టింది.

ఆ శనివారం తరవాత కూడా అమ్మ గీయడానికి కూర్చునేది. కాని అద్దం సొరుగులోనే ఉండిపోయింది. ఊరికే తెర వైపు చూస్తూ కూర్చునేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి చిన్నబడి జీ అక్షరం ఒక్కటే తెర నిండా పెట్టుకుని ఉంది. అది మార్చి నాటిది. కింద గుండీలాంటి వంపు, పైన చిన్న చెవి. లావుగీత కిందికి జారి దారమంత సన్నబడి మళ్ళీ బలిసే చోటు నాకు కూడా అందంగా కనిపించింది. దీనికి ఎన్నాళ్ళు పట్టిందమ్మా అన్నాను. పనంతా ఇదే అంది. పెద్దబడి అక్షరాలు ఎవరైనా గీస్తారు, అవి రాతి మీద చెక్కిన పాతకాలం వాటినే చూసి నేర్చుకోవచ్చు, మనిషి చెయ్యి తెలిసేది చిన్నవాటిలోనే అంది. ఎక్కువ మాట్లాడినట్టనిపించిందేమో, వెళ్ళి బట్టలు మార్చుకో, చెమట కంపు కొడుతున్నావ్ అని నన్ను తరిమింది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అమ్మ భోజనానికి నోరీన్‌ని కూడా పిలిచింది. జూలై ఎండ. కిటికీలన్నీ తీసినా ఇల్లు ఉడికిపోతోంది. అయినా వవో సూప్ కాచింది, ఆదివారం సూప్ లేకపోతే ఆమెకి అది ఆదివారం కాదు. నాన్న సాసేజీలు కాల్చుకొచ్చాడు. వవో నోరీన్‌తో, మీ ఐరిష్ అమ్మ నీకు వంట నేర్పకుండా పోయింది, నాన్న ఫ్రెంచి వాడైనా ఏం లాభం అని ఎప్పుడూ అనే మాటే అంది. నోరీన్ ఎప్పుడూ నవ్వే నవ్వే నవ్వింది. ఎవరికీ పెద్దగా ఆకలి లేదు.

ప్లేట్లు తీసేముందు అమ్మ చేతిరుమాలు మడిచి పక్కన పెట్టుకుంది.

"శుక్రవారం బోస్టన్‌కి ఫోన్ చేశాను," అంది. గొంతు పెంచలేదు. ఉప్పు అందుకోమన్నట్టే అంది. "నా కంటి సంగతి చెప్పాను. పెద్దబడివి నేనిచ్చినవి ఉంటాయి. చిన్నబడివి మొత్తం వెనక్కి తీసుకున్నాను, మార్చి నాటివి కూడా. అవి నోరీన్ గీస్తుంది. మొదటి నుంచి, తన కంటికి సరిపోయేటట్టు. ఇద్దరి పేర్లూ వెయ్యమన్నాను. సెప్టెంబరుకి కాదు, వచ్చే వేసవికి ఇస్తే చాలన్నారు."

నాన్న ఫోర్కు ప్లేటులో పెట్టాడు. నోరీన్ మొహం ఎర్రబడింది.

"నన్ను అడగలేదే," అంది.

"ఇప్పుడు అడుగుతున్నాను."

"మార్చి నాటివి బాగున్నాయి ఇల్దా. ఆ జీ చూస్తే..."

"నాకు తెలుసు. అవి ఎదురుగా ఉంటే నువ్వు నాలాగే గీస్తావు. నీకు అదే అలవాటైంది. నాకూ ఆ అలవాటే ఉండేది, ఇంకొకళ్ళలాగా గీయడం."

నోరీన్ తల దించుకుంది. ఒప్పుకుందో లేదో తెలియలేదు. వచ్చే వేసవికంటే ఎక్కువ పడుతుంది అంది. పడనీ అంది అమ్మ.

వవోకి కుడివైపు చెవి సరిగా వినపడదు. మాటలన్నీ ఇంగ్లీషులో దొర్లిపోయాయి. మా మొహాలు ఒక్కొక్కటీ చూసి, నా మోచెయ్యి పొడిచి, ఏమంటోంది మీ అమ్మ అని అడిగింది. అమ్మే కుర్చీ కొంచెం జరుపుకుని ఆమె వైపు వంగింది. బోస్టన్ సంగతీ, పేర్ల సంగతీ ఏమీ ఎత్తలేదు.

"నేను ఇంక గీయనత్తయ్యా," అంది పోర్చుగీసులో.